నాకెందుకొచ్చిన గొడవ: సభలో మౌనానికి వాటా ఎంత?

 

ఈ వారం వీడియోలో కురుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్న గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక అందులో ఒక విషయం పైపైన చెప్పి వదిలేశాను. ఇక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం. దానికంటే ముందు నా తప్పు ఒకటి మీ దగ్గర ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం, నేను ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, ఒక వీడియో మీటింగ్ జరిగింది. పన్నెండు మందిమి ఉన్నాం. కొత్తగా చేరిన ఒక అమ్మాయిని మా పైఅధికారి అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. నిజానికి తప్పు ఆమెది కాదు. ఆ ఫైల్ పంపాల్సింది వేరే టీమ్. ఆ సంగతి నాకు తెలుసు, ఇంకో నలుగురికైనా తెలుసు. అందరం మ్యూట్‌లోనే ఉన్నాం. మీటింగ్ అయ్యాక ఆమెకు విడిగా మెసేజ్ పెట్టాను, "బాధపడకు, నీ తప్పు లేదని మాకందరికీ తెలుసు" అని. ఆమె ఒకటే మాట రాసింది: "అక్కడే చెప్పి ఉంటే బాగుండేది అన్నా."

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. సభాపర్వం చదివినప్పుడల్లా గుర్తొస్తుంది.

సైకాలజీ ఏం చెబుతోంది?

1968లో అమెరికాలో జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులను విడివిడి గదుల్లో కూర్చోబెట్టి మైక్ ద్వారా మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు గొంతు వినబడుతుంది. అది ముందే రికార్డు చేసి పెట్టిందని వాళ్లకు తెలియదు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది, ఆ గొంతు ఆగిపోయేలోపే సాయం కోసం బయటికి వచ్చారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారు అనుకున్నవాళ్లలో వచ్చింది 31 శాతమే.

రానివాళ్లు రాతిగుండె మనుషులేం కాదండి. చాలామందికి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. కానీ "ఇంకెవరో చూసుకుంటార్లే" అన్న ఆలోచన కాళ్లకు అడ్డం పడింది. బాధ్యతను మనసులోనే పదిమందికీ పంచేసి, తన వాటా చిన్నదే అనుకోవడం అన్నమాట. మన భాషలో, నలుగురితో పాటు నారాయణ.

ఇంకో వైపు కూడా ఉంది. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడు దేశాల నగరాల్లో వీధి గొడవల సీసీటీవీ దృశ్యాలు 219 చూశారు. పదింట తొమ్మిదింటిలో ఎవరో ఒకరు అడ్డుపడ్డారు. చుట్టూ ఎక్కువమంది ఉన్నకొద్దీ ఎవరో ఒకరు కలగజేసుకునే అవకాశం పెరిగింది కూడా. అంటే "జనం ఇంతేలే" అని చేతులు దులిపేసుకోవడానికి కుదరదు. వీధిలో కొట్లాట ఆపే మనిషే ఆఫీసులో, ఇంట్లో ఎందుకు నోరు మెదపడు? తేడా ఎక్కడుంది? నాకు అనిపించేది, తేడా కుర్చీలో ఉంది. వీధిలో ఎవరికీ సింహాసనం ఉండదు. సభలో ఉంటుంది.

కశ్యపుడి లెక్క

ఇప్పుడు సభలోకి వద్దాం. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయి, ఆ తర్వాత నన్ను ఒడ్డితే, ఆ పందెం చెల్లుతుందా అని ద్రౌపది అడిగింది. భీష్ముడు ధర్మం చాలా సూక్ష్మమైనదని, తేల్చి చెప్పలేనని అన్నాడు. ఆయన పిరికివాడు అయితే కాదు కదా! మరి ఏం ఆపింది? హస్తినాపుర సింహాసనం మీద ఆయనకున్న నిష్ఠే ఆపిందని నాకు అనిపిస్తుంది. మనల్ని కూడా చాలాసార్లు భయం కంటే ఇలాంటి నిష్ఠే ఆపుతుంది. "మన ఇంటి పరువు, మన టీమ్, మనవాళ్లు" అంటాం. పెద్ద చదువు ఉన్నవాడికి మౌనాన్ని దాచుకోవడానికి పెద్ద మాటలు కూడా దొరుకుతాయి.

అప్పుడు విదురుడు సభకు ఒక పాత కథ చెప్పాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడు, అంగిరసుడి కొడుకు సుధన్వుడు మాకెవరు గొప్ప అని ప్రాణాలే పందెం కాసుకుని, తీర్పు కోసం ప్రహ్లాదుడి దగ్గరికే వచ్చారు. చిన్నప్పుడు తండ్రికి ఎదురుగా నిజం చెప్పిన ప్రహ్లాదుడికి ఇప్పుడు తానే తండ్రిగా పరీక్ష వచ్చింది. తెలిసి కూడా చెప్పకపోతే ఏమవుతుందని ఆయన కశ్యపుణ్ణి అడిగాడు.

కశ్యపుడు చెప్పిన లెక్క చూడండి. నిందించాల్సిన పని జరుగుతుంటే సభ నిందించకపోతే, ఆ పాపంలో సగం సభకు పెద్దగా కూర్చున్నవాడిది. పావు వంతు చేసినవాడిది. మిగతా పావు, మాట్లాడకుండా కూర్చున్నవాళ్లది. అదే సభ తప్పును తప్పు అని చెబితే, పెద్దకూ సభ్యులకూ ఏ దోషమూ అంటదు. మొత్తం చేసినవాడికే పోతుంది.

ప్రహ్లాదుడు కొడుక్కి వ్యతిరేకంగా తీర్పు చెప్పాడు. ఆ సత్యానికి మెచ్చి సుధన్వుడు విరోచనుడి ప్రాణం వదిలేశాడు.

డార్లీ, లటానే ప్రయోగం గుంపు గురించి చెప్పింది. కశ్యపుడు గుంపును వదల్లేదు, కానీ సగం భారం కుర్చీ మీద పెట్టాడు. మాట్లాడటానికి భయపడే వాతావరణం తయారుచేసినవాడు ముందు జవాబు చెప్పాలి. "మీరంతా ఎందుకు మాట్లాడలేదు?" అని కింది ఉద్యోగుల్ని అడిగే ముందు, మాట్లాడితే వాళ్లకేమవుతుందో చూడాలి.

మనందరం ఎక్కడో ఒకచోట పెద్దలమే. ఇంట్లో తండ్రి, క్లాసులో టీచర్, టీమ్‌కు లీడ్, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌కు అడ్మిన్. ఆ గ్రూప్‌లో ఒకరి రంగు మీదో, కులం మీదో జోకు పడితే, మన వాటా పావు కాదు, సగం.

వికర్ణుడి గొంతు

ఆ సభలో భీష్ముడు, ద్రోణుడు, కృపుడు ఉండగా, ద్రౌపది ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పింది ఎవరు? దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు. ఈ పందెం చెల్లదని కారణాలతో సహా చెప్పాడు. వెంటనే సభ గోలెత్తిపోయింది. అక్కడున్నవాళ్లు వికర్ణుణ్ణి మెచ్చుకుని శకునిని నిందించారు. అంటే తప్పని అందరికీ లోపల తెలుసు. ఒక్క గొంతు కోసం ఆగి ఉన్నారు, అంతే! తర్వాత కర్ణుడు కుర్రవాడివంటూ అతణ్ణి గద్దించేసరికి మళ్లీ చల్లబడ్డారు. రెండో గొంతు తోడు లేకపోయింది.

1960ల్లో యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగాలు గుర్తున్నాయా? పక్క గదిలో మనిషికి కరెంటు షాక్ ఇస్తున్నామనుకుని, అధికారి చెప్పాడని 40 మందిలో 26 మంది 450 వోల్టుల దాకా వెళ్లిపోయారు. షాక్ నిజం కాదు, అవతలి మనిషి నటిస్తున్నాడు. ఇంకో విడతలో, పక్కన కూర్చున్న ఇద్దరు "మేం చెయ్యం" అని లేచిపోయేలా ఏర్పాటు చేశారు. అప్పుడు చివరిదాకా వెళ్లింది 40 మందిలో నలుగురే.

వికర్ణుణ్ణి మరీ ఎత్తేయక్కర్లేదు. యుద్ధంలో అన్న పక్షానే నిలిచాడు, భీముడి చేతిలోనే పోయాడు. చంపిన భీముడే అతని కోసం బాధపడ్డాడు. ఒకసారి నిజం చెప్పినవాడు జీవితమంతా సరిగ్గా ఉండకపోవచ్చు. అయినా ఆ ఒక్కసారి చెప్పింది వృథా కాదు.

ఈ వారం సాధన

ఉద్యోగాలు వదిలేసి పోరాడమని నేను అనను. ఇంటి అద్దె, ఈఎంఐ ఉన్నవాళ్ల కష్టం నాకు తెలుసు. రెండే చేయండి. మీ ఎదురుగా ఎవరికైనా అన్యాయం జరిగితే, కోపం లేకుండా తెలిసిన ఒక్క నిజం అక్కడే చెప్పండి: "సార్, ఆ ఫైల్ ఆమె పంపాల్సింది కాదండి." ఇంతే. ఎవరైనా ముందే చెప్పి ఉంటే, "అవును, నిజమే" అని రెండో గొంతు కలపండి.

ఆ రోజు నాకు కావలసింది పెద్ద ధైర్యమేం కాదు. అన్‌మ్యూట్ బటన్ ఒక్కసారి నొక్కితే చాలు.

ఆ అమ్మాయికి తర్వాత క్షమాపణ చెప్పాను. మీకూ ఇలాంటిది ఏదైనా గుర్తొస్తే, ఈ వారం ఆ మనిషికి ఒక ఫోన్ చేయండి.

శ్రీకృష్ణార్పణమస్తు.