నమూనాకు నమస్కారం

ఒక దేశపు ప్రసిద్ధ కట్టడాలను నిర్ణీత నిష్పత్తిలో కుదించి ఒకే ఆవరణలో నిలిపే ఉద్యానాలను సాధారణంగా వినోదశాలల కిందే జమకడతారు. కుదించినది వంతెనో రైలు స్టేషనో అయినంతకాలం ఆ లెక్క సరిపోతుంది గానీ, గుడి అయినప్పుడు మాత్రం దాని ఎదుట చేతులు జోడించవచ్చునా అన్న ప్రశ్న పుడుతుంది. నెదర్లాండ్స్‌లోని ద హేగ్ నగరంలో 1952లో తెరచిన మదురోదామ్‌లో ఆ దేశపు చర్చిలూ కాలువలూ రేవులూ ఇరవై అయిదింట ఒక వంతు కొలతలో ఉంటాయి. నాజీ నిర్బంధ శిబిరంలో 1945లో మరణించిన జార్జ్ మదురో స్మృత్యర్థం అతని తల్లిదండ్రులు ఇచ్చిన ధనం దానికి ఆధారమైంది కనుక ఉద్యానం మొత్తానికి స్మారకమన్న గౌరవం దక్కింది. అందులోని చర్చి మాత్రం బొమ్మగానే మిగిలింది.

తెలుగునాట ఈ విభజన అంత తేలికగా కుదరదు. యాదగిరిగుట్ట దాపున ఉన్న సురేంద్రపురిలోని కళాధామంలో దేశంలోని పేరుపొందిన ఆలయాల నమూనాలు, కైలాసవైకుంఠాది లోకాల కల్పనలు, పురాణ ఘట్టాల శిల్పాలు వరుసగా ఎదురవుతాయి. ఆ ప్రాంగణంలోనే పంచముఖ హనుమదీశ్వర దేవస్థానం ఉంది. ఒకటి చూడడానికి, మరొకటి కొలవడానికి అని నిర్వాహకులు గీసిన గీతను వచ్చిన జనం కాళ్లు పట్టించుకోవు. టికెట్టు కొన్నంత మాత్రాన ప్రదర్శన అవుతుందనడానికీ వీలులేదు, అర్చనకు కూడా టికెట్టు ఉంటుంది కదా. ఆగమాలు, అంటే ఆలయ నిర్మాణ పూజావిధానాలను నిర్దేశించే శాస్త్రాలు, ఈ తేడాను ప్రతిష్ఠలో చూపుతాయి: మంత్రపూర్వకంగా దైవాన్ని ఆహ్వానించి బింబంలో నిలిపితే అది ఆరాధ్యమూర్తి, నిలపకపోతే ఎంత సుందరమైనా శిల్పమే.

ఆగమదృష్టిలో పరిమాణానికి ఇందులో పాత్ర లేదు. గర్భాలయానికి జీర్ణోద్ధరణ చేయవలసి వచ్చినప్పుడు మూర్తిలోని దైవకళలను కుంభంలోకి ఆకర్షించి, బాలాలయమనే చిన్న తాత్కాలిక మందిరంలోకి చేర్చే ప్రక్రియకు కళాకర్షణ అని పేరు. యాదగిరిగుట్టలోనే 2016 నుంచి 2022 మార్చి 28న ప్రధానాలయం తిరిగి తెరుచుకొనేవరకు భక్తులు బాలాలయంలోనే స్వామిని దర్శించుకున్నారు, ముడుపులు చెల్లించుకున్నారు, ఆ దర్శనానికి లోటుందని ఎవరూ అనుకోలేదు. కొద్ది మైళ్లలోపే ఒకచోట చిన్న మందిరం సంపూర్ణ క్షేత్రంగానూ, మరొకచోట మహాక్షేత్రాల రూపాలు కేవలం చూపుడు వస్తువులుగానూ ఉండడం ఈ సూత్రానికి చక్కని నిదర్శనం.

బౌద్ధంలో సమస్య మరో రూపం దాలుస్తుంది. బౌద్ధులు స్తూపాలను మూడు తెగలుగా చెబుతారు: శరీరధాతువులను నిక్షేపించినవి శారీరకాలు, బుద్ధుడు వాడిన వస్తువులపై కట్టినవి పారిభోగికాలు, కేవలం స్మరణ కోసం వెలసినవి ఉద్దేశికాలు. మూడవ తెగకు లోపల ఏమీ అక్కరలేదు గనుక నమూనాకూ ఆరాధ్యవస్తువుకూ మధ్య గోడ ఇక్కడ మొదటినుంచీ పలుచన. నాగార్జునకొండ మహాచైత్యంలో పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లో దొరికిన ధాతువు ఒక చిన్న బంగారు భరిణెలో ఉంది. ఆ భరిణెను దాచిన వెండి కరండం కొద్ది అంగుళాల ఎత్తున అచ్చంగా స్తూపాకారంలో ఉంది. సుమారు 106 అడుగుల వ్యాసమున్న ఇటుక స్తూపం గర్భంలో అరచేతిలో ఇమిడే వెండి స్తూపం ఉంటే, దేనికి ఏది నమూనా అన్న మాటకు అర్థమే పోతుంది.

నాగార్జునసాగర్ జలాశయం నిండి ఆ లోయలోని ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగినప్పుడు కొన్ని కట్టడాలను నాగార్జునకొండ మీదికి తరలించి పునర్నిర్మించారు. మునిగిన లోయ మొత్తం ఇప్పుడు ద్వీపంగా మారిన ఆ కొండమీది మ్యూజియంలో నమూనాగా మాత్రమే కనిపిస్తుంది. మూలం నీటిపాలైన చోట నమూనా బాధ్యత రెట్టింపవుతుంది. ఆ జలాశయం ఒడ్డునే 2022 మే 14న ప్రారంభమైన బుద్ధవనంలో వివిధ దేశాల స్తూపాల చిన్న ప్రతిరూపాలకు ప్రత్యేక వనం ఉంది. స్తూపం లోపలికి ప్రవేశించేది కాదు, చుట్టూ ప్రదక్షిణించేది కాబట్టి కుదింపువల్ల దానికి జరిగే నష్టం తక్కువ. అక్కడి మహాస్తూపాన్ని డొల్లగా కట్టి లోపల ధ్యానమందిరం అమర్చడమే సంప్రదాయానికి ఎక్కువ దూరమనిపిస్తుంది.

గుడి విషయం అలా కాదు. దాదాపు 60 మీటర్ల తంజావూరు విమానాన్ని మదురోదామ్ కొలతకు దించితే రెండున్నర మీటర్లకు లోపే ఆగుతుంది, ఆరడుగుల గుమ్మం మూడంగుళాలవుతుంది. గడప దాటి, తల వంచి, చీకటిలో దీపపు వెలుగుకు కళ్లు అలవాటుపడేవరకు నిలబడడం ఆలయదర్శనంలో ప్రధానభాగం కాగా, నమూనా బయటి రూపాన్ని మాత్రమే ఇవ్వగలదు. పైగా గుడి దగ్గర కలశాన్ని తలెత్తి చూడవలసిన భక్తుడు, నమూనాను మరికాస్త కుదిస్తే, ఆ కలశాన్ని పైనుంచి చూస్తాడు.

ఈ చూపు దిశను గురించే బ్రహ్మసూత్రాల నాల్గవ అధ్యాయం ఆరంభంలో విచారణ ఉంది. ప్రతీకం, అంటే ఉపాసనకు ఆలంబనమైన పరిమిత వస్తువు, బ్రహ్మంగా భావించదగినదే. బ్రహ్మాన్ని ప్రతీకంగా కుదించి భావించడం తగదు. రాజసేవకుణ్ణి రాజుగా గౌరవిస్తే మేలు, రాజును సేవకుడిగా చూస్తే కీడు అని శంకరుల వివరణ. దీని ప్రకారం సురేంద్రపురిలోని నమూనా ముందు ఒక వృద్ధురాలు దండం పెట్టుకోవడంలో దోషమేమీ లేదు, ఆమె తక్కువ దానిలో ఎక్కువను చూస్తున్నది. ఒక్క పూటలో బదరీనాథ్ నుంచి రామేశ్వరం దాకా చూసేశామన్న తృప్తితో బయటికి వచ్చేవాడే ఎక్కువను తక్కువ చేస్తున్నవాడు. విద్వాంసుల వెక్కిరింత సాధారణంగా ఆ వృద్ధురాలికే తగలడం విచిత్రం.

దూరక్షేత్రాన్ని దగ్గరకు తెచ్చుకొనే కోరిక కొత్తదేమీ కాదు, కొలబద్ద మాత్రమే కొత్తది. కర్ణాటక, మహారాష్ట్రల సరిహద్దు దాపున, తెలుగూ కన్నడమూ మరాఠీ కలిసి వినిపించే నారాయణఖేడ్ ప్రాంతంలో ఇలాంటి ఉద్యానం లేకపోయినా కాశీకి కొరత లేదు. అదే సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఝరాసంగం కేతకీ సంగమేశ్వరాన్ని దక్షిణ కాశి అంటారు. ఈ దక్షిణ కాశిని నిలబెట్టినవి గుండం, దాని నీటిలో స్నానం చేసి రాజుకు చర్మవ్యాధి నయమైందన్న స్థలపురాణం, శివరాత్రి జాతర; వారణాసి గోపురపు కొలతలు ఎవరూ తీసుకురాలేదు. అంతటితో ఆగక ఈ క్షేత్రం మూలంతో విభేదిస్తుంది కూడా: శివపూజకు నిషిద్ధమని పురాణాలు చెప్పే మొగలిపూవును, అంటే కేతకిని, ఇక్కడ స్వామికి సమర్పిస్తారు. నమూనాలో ఒక స్తంభం తప్పినా శిల్పిదే తప్పవుతుంది. ఝరాసంగంలో మొగలిపూవు మాత్రం ఆ క్షేత్రానికి పేరే పెట్టింది.