దేవుడి భూమికి వేలంపాట

అమరావతిలోని సదావర్తి సత్రానికి చెన్నై శివార్లలోని తాళంబూరులో భూములున్నాయి. వాసిరెడ్డి జమీందారుల నాటి దానమది. 2016 మార్చిలో అందులో 83.11 ఎకరాలకు పాట పెడితే 22.44 కోట్లు పలికింది. కారుచౌకగా కట్టబెట్టారంటూ అప్పటి మంగళగిరి ఎమ్మెల్యే ఆళ్ల రామకృష్ణారెడ్డి హైకోర్టుకెక్కారు. మరో అయిదు కోట్లు కలిపి తామే కొంటామన్నారు. 2017 సెప్టెంబరులో మళ్లీ పాట పెడితే అదే భూమి 60.30 కోట్లకు ఎగబాకింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

గొడవ చాలావరకు ధర మీదే నడిచింది. మంచి ధర వస్తే మాత్రం అమ్మడం ధర్మమేనా?

చట్టం దృష్టిలో దేవుడు ఎప్పటికీ మైనరే. ఆయన తరఫున ఆస్తి చూసేవాడు సంరక్షకుడు, యజమాని కాడు. మిర్చి యార్డుకు కౌలుదారు పంటను తోలతాడు గానీ పొలాన్ని తోలడు కదా! 1987 దేవాదాయ చట్టం 80వ సెక్షన్ సత్రాలకూ వర్తిస్తుంది. సంస్థకు అవసరమో, మేలో ఉంటేనే, అదీ కమిషనర్ ముందస్తు అనుమతితోనే స్థిరాస్తి అమ్మాలి.

అమ్మకాన్ని సమర్థించేవారి మాటనూ తీసిపారేయలేం. భూమి పొరుగు రాష్ట్రంలో ఉంది, చాలా భాగం ఆక్రమణల పాలైంది, ఉన్నదైనా సొమ్ము చేసుకుంటే సత్రానికి వడ్డీ వస్తుందంటారు. నిజమే. కానీ కాపలా కాయలేకపోవడమే అమ్మకానికి అర్హత అయితే, ఎంత అశ్రద్ధ చేస్తే అంత హక్కు వచ్చినట్టు.

దాతల సంకల్పం ఎంత తేలిగ్గా చెరిగిపోతుందో చూడటం అమరావతికి కొత్త కాదు. అక్కడి స్తూపం పలకల మీద దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. వారిలో భిక్షువులున్నారు, భిక్షుణులున్నారు, మామూలు గృహస్థులూ ఉన్నారు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టేటప్పుడు ఆ స్తూపం దిబ్బను రాళ్ల కోసం తవ్వారు. అంటే ఒక కాలపు దానం మరో కాలానికి ఇళ్లు కట్టే సామగ్రి అయింది!

గుడి భూమికైతే దేవుడి పేరు మీద కోర్టుకెక్కవచ్చు. మరి ఏ దేవుడూ లేని పార్కుకో, సర్కారు స్థలానికో? 2020లో మిషన్ బిల్డ్ ఏపీ అనే పథకం కింద గుంటూరు, విశాఖల్లోని ప్రభుత్వ స్థలాలు అమ్మకానికి వచ్చాయి. అప్పుడూ జనమే కోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. బెంగళూరులో పార్కుకు విడిచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే, చుట్టుపక్కలవాళ్లు అడ్డుపడ్డారు. అలా అడిగే హక్కు వాళ్లకుందని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది, ఆ కేటాయింపు చెల్లదంది.

సత్రం కూడు తినబోయే బాటసారి, పార్కులో ఆడబోయే పిల్లవాడు పాటలో కూర్చోలేరు. వారి వంతు మాట్లాడాల్సింది ఊరివాళ్లే. దేవాదాయ భూమి అమ్మే ముందు ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడగాలని చట్టంలోనే ఉంది. ఈసారి అలాంటి ప్రకటన కంటబడితే ధర చూసి పేజీ తిప్పకండి, గడువులోపు ఒక అభ్యంతరం రాసి పంపండి.