గుట్ట మీద ఎవరి ప్రాణం ఎవరి చేతిలో?



సెలవులు వచ్చాయంటే మన మేడ్చల్, శామీర్‌పేట వైపు సందడి పెరుగుతుంది. రాజీవ్ రహదారి పట్టుకొని శామీర్‌పేట చెరువుకట్టకు, జింకల పార్కుకు వచ్చేవాళ్లు కొందరు. కీసరగుట్టకు పోయి, దర్శనం అయినాక పక్కనున్న బండలు ఎక్కేవాళ్లు ఇంకొందరు. ఇంటిల్లిపాదీ కదులుతారు. టిఫిన్ డబ్బాలు, చాపలు, చంకలో చంటిపిల్ల, మోకాళ్ల నొప్పుల నాయనమ్మ. ఆ గుంపులో ఒకాయన తప్పకుండా ఉంటాడు. పెదనాయినో, మేనమామో, కొత్తల్లుడో. ఆయనకు మెట్లదారి నచ్చదు. "ఇటు నుంచి పోదాం రాండ్రి, ఏం గాదు" అంటాడు.

ఈ 'ఏం గాదు' గురించే ఇప్పుడు మాట్లాడుకుందాం. గుట్టలెక్కడం తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. రాజగృహంలోని గృధ్రకూట పర్వతం మీద బుద్ధుడు ఎన్నోసార్లు ఉన్నాడు. మన విశాఖ తీరంలో తొట్లకొండ, బావికొండ ఆరామాలు కొండల మీదే వెలిశాయి. అసలు ప్రశ్న వేరు. నన్ను నమ్మి నా వెనుక నడిచేవాళ్ల ప్రాణాన్ని నా సరదా కోసం పందెంలో పెట్టొచ్చా? వాళ్లు నమ్మి వస్తున్నారు కాబట్టి ఆ హక్కు నాకు వచ్చిందా, లేక నమ్మి వస్తున్నారు కాబట్టే లేకుండా పోయిందా?

ముందు బండ సంగతి చూద్దాం. మన గుట్టలు గ్రానైటువి. ఎండకూ వానకూ పై పొరలు ఉల్లిపొరల్లా ఊడిపోయి గుండ్రంగా తేలినవి. ఎక్కేటప్పుడు మొహం బండవైపు ఉంటుంది, చేతులు ఆనుతాయి, కాలు ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది. దిగేటప్పుడు ఆ వసతి ఉండదు. గుండ్రటి అంచు కింద ఏముందో పైనున్నవాడికి కనబడదు. వానలకు పాచి పడుతుంది, ఎండాకాలం పొడి గరుకు రాలుతుంది. రెండూ చెప్పును జార్చేవే. అందుకే ఎక్కిన చోటల్లా దిగలేం. మేకలు కాసే పిలగానికి ఇది తెలుసు, కారులో వచ్చిన మనకు తెలియదు. పాత క్వారీ గుంతలైతే ఇంకా ఘోరం. వాటికి ఒడ్డు ఉండదు, గోడ ఉంటుంది. నీళ్లు కదలకుండా కనిపిస్తాయి, మొదటి అడుగే లోతులో పడుతుంది.

అంగుత్తర నికాయంలో బుద్ధుడు ఒక కొండ ఆవు పోలిక చెప్పాడు. దానికి ఎగుడుదిగుడు రాళ్ల మీద నడక రాదు. అయినా, ఎన్నడూ పోని చోటికి పోవాలని, ఎన్నడూ మేయని గడ్డి మేయాలని, ఎన్నడూ తాగని నీళ్లు తాగాలని ఆశ పుట్టింది. ముందు కాలు గట్టిగా ఆనకముందే వెనుక కాలు లేపింది. కొత్త చోటికీ చేరలేదు, బయలుదేరిన చోటికీ క్షేమంగా తిరిగి రాలేకపోయింది. బుద్ధుడు ఈ పోలిక చెప్పింది ధ్యానం గురించి, ఒక మెట్టు కుదరకముందే పై మెట్టుకు ఎగబడే భిక్ఖువు గురించి. కానీ అందులో ఆశను ఆయన తప్పుపట్టలేదన్నది గమనించండి. కాలు ఆనిందా లేదా అన్నదే చూశాడు.

ఇక జరగరానిది జరిగాక మనవాళ్లు అనే మాట ఇంకొకటి ఉంది: "రాసిపెట్టి ఉంది." బయలుదేరేముందు 'ఏం గాదు', తర్వాత 'తలరాత'. రెండూ కారణాన్ని చూడనివ్వవు. మనిషికి కలిగే బాధంతా పూర్వకర్మ వల్లనేనా అని శివకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు ఒప్పుకోలేదు. శరీరంలోని దోషాల వల్ల కలిగేవి, రుతువు మారడం వల్ల కలిగేవి, జాగ్రత్త తప్పడం వల్ల కలిగేవి, ఇతరుల దాడి వల్ల కలిగేవి, ఇలా ఎనిమిది చెప్పాడు. కర్మఫలం ఆ ఎనిమిదిలో ఒకటి మాత్రమే. 'ప్రమాదం' అన్న మాటనే చూడండి. పాళీలో 'పమాద' అంటే ఏమరుపాటు. తెలుగుకు వచ్చేసరికి అది యాక్సిడెంటు అయింది. కారణం పేరును ఫలితానికి పెట్టుకొని కారణాన్ని మరిచిపోయాం. బుద్ధుడు కన్నుమూసే ముందు చివరిగా చెప్పింది అప్పమాదం గురించే, అంటే ఏమరకుండా ఉండడం.

2014 జూన్ 8న బియాస్ నదిలో కొట్టుకుపోయిన విద్యార్థులను ఇక్కడెవరూ మరిచిపోలేదు. మన పక్కనున్న బాచుపల్లి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు 24 మంది. హిమాచల్‌లో మండీ జిల్లా, థలౌట్ దగ్గర ఫొటోల కోసం నదిలోని రాళ్ల మీదికి దిగారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. వాళ్లు నిలబడ్డ చోట నిలబడితే మనకూ అది భద్రంగానే కనిపించి ఉండేది. ముప్పు కంటికి కనిపించని ఎగువన ఉంది. దాన్ని తలరాత అంటే, నీళ్లు వదిలినవాళ్లూ తీసుకుపోయినవాళ్లూ జవాబు చెప్పే పనే ఉండదు. పిల్లల దూకుడు అని సరిపెట్టుకుంటే అది ఇంకో అన్యాయం. ఎగువన ఏముందో తెలుసుకోవాల్సిన బాధ్యత ముందు నడిపించేవాళ్లది.

అయితే సాహసం వద్దా? నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ కొండల్లో ఒంటరిగా ఎక్కుతూ చనిపోయాడు. అంత తెలిసినవాణ్నీ కొండ వదల్లేదు. కానీ ఆయన తన వెనుక ఎవరినీ లాక్కుపోలేదు. పందెం ఆయనది, ఒడ్డిన ప్రాణమూ ఆయనదే.

మాలావత్ పూర్ణ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. గురుకులంలో చదివే గిరిజన బిడ్డ. అంత చిన్నపిల్లను పంపొచ్చా అన్న ప్రశ్న నాకు ఇప్పటికీ తేలికైనది కాదు. కానీ ఆ పని ఎలా జరిగిందో చూడండి. మొదలు మన భువనగిరి బండ మీద. తర్వాత డార్జిలింగ్ శిక్షణ, ఆపైన లడఖ్ చలి. చాలామంది పిల్లల్లోంచి వడకట్టి చివరికి ఇద్దరినే పంపారు. ముందు కాలు ఆనినాకే వెనుక కాలు లేచింది. కీసర బండ మీద చెప్పులేసుకున్న పిల్లకు మన మేనమామ ఇచ్చే శిక్షణ ఏపాటిది?

ఇక్కడే బుద్ధుడు సేదక అనే పట్టణంలో చెప్పిన కథ పనికొస్తుంది. వెదురు గడ మీద ఆటలాడే దొమ్మరి గురువు ఒకడు, అతని శిష్యురాలు మేదకథాలిక. గురువు అన్నాడు: నువ్వు నన్ను చూసుకో, నేను నిన్ను చూసుకుంటా, అట్లా ఆట చూపించి క్షేమంగా దిగుదాం. శిష్యురాలు ఒప్పుకోలేదు. మీరు మిమ్మల్ని చూసుకోండి, నేను నన్ను చూసుకుంటా, అప్పుడే ఇద్దరం దిగుతాం అంది. బుద్ధుడు శిష్యురాలి పక్షాన నిలిచాడు. తన కాలును తాను ఎరుకతో ఆనించినవాడే పక్కవాడిని కాపాడతాడని, ఓర్పుతో, మైత్రితో పక్కవాడిని కాపాడినవాడు తననూ కాపాడుకుంటాడని వివరించాడు.

ఈ కథను మనం ఎరుక గురించి చెప్పుకొని ఊరుకుంటాం. నన్ను మాత్రం ఆ చిన్నది నోరు తెరవడం ఆపుతుంది. గడ మీద గురువుకు ఎదురుచెప్పింది. గురువు కోప్పడినట్టు కథలో లేదు. మన ఇళ్లలో అది జరుగుతుందా? "కాళ్లు వణుకుతున్నయ్ మామా" అని పిల్ల అంటే, "మొగపిల్లలు చూడు ఎట్ల ఎక్కుతున్నరో" అంటాం. కోడలు వద్దంటే పిరికిది, అల్లుడు వద్దంటే పట్నపోడు. భయం చెప్పినవాళ్లను నవ్వులపాలు చేసి, నోరు మూయించి, అదే బండ మీదికి ఎక్కిస్తాం. పైకెక్కినాక ఆ పిల్ల తన కాలును చూసుకోదు, మామ మొహం చూస్తుంది. జారేది అప్పుడే.

కాబట్టి కారు దిగగానే తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇందులో ఎవరు 'నేను రాను' అన్నా కారణం అడగం. నడక అందరికన్నా నెమ్మదైనవాళ్లది. దిగేదారి చూసుకున్నాకే ఎక్కేదారి. 'ఏం గాదు' అన్నవాడే కిందివైపు నిలబడి ఒక్కొక్కరి కాలు చూస్తూ దింపాలి. నాయనమ్మ చెట్టు కింద కూర్చుంటానంటే ఆమె పక్కన ఇంకొకరు, మొగవాళ్లలోనే ఒకరు, టిఫిన్ డబ్బా విప్పి కూర్చోవాలి. ఒంటరిగా వదిలేసి పోతే వచ్చే సెలవులకు ఆమె మోకాళ్ల నొప్పి సంగతి చెప్పదు. మనతోపాటే ఎక్కుతుంది.