ఉప్పురాయి, గంగ నీరు

బౌద్ధుల పాలి గ్రంథం అంగుత్తర నికాయం మూడో నిపాతంలో లోణఫల సుత్తం అని ఒకటి ఉంది. లోణఫలం అంటే ఉప్పురాయి. చిన్న గిన్నెడు నీళ్ళలో ఉప్పురాయి వేస్తే ఆ నీళ్ళు నోట పెట్టుకోలేం. అదే రాయిని గంగలో వేస్తే గంగ ఉప్పగా మారదు. బుద్ధుడు ఈ పోలిక తెచ్చింది కర్మ గురించి చెప్పడానికి. ఒకే రకం చిన్న పాపం ఒకణ్ణి నరకం దాకా ఈడుస్తుంది. మరొకడికి ఈ జన్మలోనే అనుభవానికి వచ్చి తీరిపోతుంది. చేసిన పని ఒకటే అయినప్పుడు ఫలం ఇద్దరికీ వేరుగా ఉండటం న్యాయమేనా? ఈ ప్రశ్న దగ్గర చాలామంది ఆ సుత్తాన్ని పాపానికి మాఫీ పత్రంగా చదువుతారు. అది తప్పని నేననుకుంటాను. ఎక్కడ తప్పో చూపించడానికి హైస్కూలు పిల్లలు చేసే మిశ్రమాల లెక్క కంటే మంచి సాధనం నాకు కనిపించలేదు. లెక్క కర్మసిద్ధాంతాన్ని రుజువు చేయదు. ఆ పోలికలో మనం కలగాపులగం చేసుకునే రెండు సంగతులను మాత్రం విడదీసి చూపిస్తుంది.

ఒక గ్లాసులో 200 గ్రాముల ఉప్పునీళ్ళున్నాయని, అందులో ఉప్పు 10 గ్రాములని అనుకుందాం. అంటే 5 శాతం. సముద్రపు నీటిలోనే సగటున ఉండేది 3.5 శాతం. తాగే నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని మన దేశపు ప్రమాణం చెబుతుంది. అది దాదాపు 0.05 శాతం. గ్లాసులోని నీళ్ళను ఆ స్థాయికి తేవాలంటే ఎన్ని నీళ్ళు పొయ్యాలి? తెలియని రాశిని మన పాత గణితకారులు యావత్తావత్ అనేవారు, పొట్టిగా 'యా' అని రాసుకునేవారు. పోయాల్సిన నీళ్ళు 'యా' గ్రాములైతే మొత్తం 200 + యా అవుతుంది. అందులో 0.05 శాతం, అంటే 0.0005 × (200 + యా), పాత 10 గ్రాములకే సమానం కావాలి. కాబట్టి 200 + యా = 20,000; యా = 19,800. గ్లాసెడు నీళ్ళకు విరుగుడుగా ఇంటికి తెప్పించుకునే మంచినీళ్ళ క్యాను దాదాపు ఒకటి కావాలన్నమాట. ఈ లెక్కలో పొరబడే పిల్లవాడు సాధారణంగా శాతాలను కూడతాడు, లేదా సగం చేస్తాడు. కూడాల్సింది శాతాలను కాదు, ఉప్పును. కలపకముందు ఎంత ఉందో కలిపాక కూడా అంతే ఉందన్న ఒక్క మాట మీదే సమీకరణం నిలబడింది. గ్రాముల్లో చెప్పడానికీ కారణం ఉంది. 50 మిల్లీలీటర్ల ఆల్కహాలులో 50 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే 100 రాదు, 96, 97 దగ్గర ఆగుతుంది. బరువు మాత్రం తగ్గదు. కలిసినప్పుడు ఏది మారుతుందో, ఏది మారదో ముందు తేల్చుకోకపోతే ఎంత బీజగణితం వచ్చినా ఉపయోగం లేదు.

ఇప్పుడు అదే లెక్కను ఇంకొంచెం ముందుకు జరిపి, ఉప్పు సున్నా శాతం కావాలంటే ఎన్ని నీళ్ళు పొయ్యాలని అడుగుదాం. ఎడమవైపు సున్నా పెట్టి గుణిస్తే 0 = 10 అని వస్తుంది. అంటే జవాబు లేదు. గంగంత నీరు తెచ్చినా ఆ 10 గ్రాములు ఉంటాయి, నాలుకకు తెలియవు, అంతే. సుత్తం వాడిన మాట కూడా ఇదే. సాధన చేసినవాడి విషయంలో ఆ చిన్న పాపం ఈ జన్మలో అనుభవానికి వస్తుందని చెప్పి, అణువంతైనా 'కనిపించదు' అంటుంది. 'లేదు' అనదు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. బీజగణితాన్ని మన పూర్వులు అవ్యక్త గణితం అన్నారంటే ఈ తేడా వాళ్ళకు బాగా తెలుసు. సుత్తం మొదట్లో బుద్ధుడు రెండు వాదాలను పక్కపక్కన పెడతాడు. చేసిన కర్మను చేసిన కొలతలోనే అనుభవించి తీరాలంటే బ్రహ్మచర్యానికీ, దుఃఖం అంతం కావడానికీ చోటే ఉండదు. కర్మకు తగిన ఫలం ఉంటుంది, కానీ అది అనుభవమయ్యే తీరు మారుతుందంటే చోటు ఉంటుంది. మొదటిది శాతాన్ని కూడా స్థిరమనుకునే వాదం. రెండోది ఉప్పును స్థిరంగా ఉంచి శాతాన్ని మారనిచ్చే వాదం.

ఇంతకూ నీళ్ళంటే ఏమిటి? పోలిక పాడయ్యేది ఇక్కడే. నీళ్ళంటే పుణ్యకార్యాలని, పది దానాలు చేస్తే ఒక అన్యాయం చెల్లిపోతుందని లోకం అనుకుంటుంది. సుత్తం చెప్పేది అది కాదు. శరీరాన్ని, శీలాన్ని, చిత్తాన్ని, ప్రజ్ఞను పెంపొందించుకున్నవాడు విశాలమవుతాడని చెబుతుంది. విశాలం కావాల్సింది పాత్ర. అందులో వేసే వస్తువుల పద్దు కాదు. దానం ఎంత గొప్పదైనా మైనస్ 10 గ్రాముల ఉప్పు కాలేదు. లెక్కలో అలాంటి పదార్థం లేదు. ఈ మాట కటువుగా ఉందని తెలుసు. అయినా లంచం సొమ్ములో కొంత హుండీలో వేసి మనసు తేలిక చేసుకునే అలవాటు మన మధ్య ఇంతగా పాతుకుపోయినప్పుడు మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

పలచన చేయడం కాకుండా ఇంకో దారీ ఉంది, మలినాన్నే తీసేయడం. భాస్కరాచార్యుడి 1150 నాటి లీలావతిలో బంగారం లెక్క ఒకటి వస్తుంది. 13, 12, 11, 10 వన్నెల బంగారాలు వరుసగా 10, 4, 2, 4 మాషలు కలిపి కరిగిస్తే మొత్తం 20 మాషలు, 12 వన్నెలు. పుటం పెడితే మలినం కాలి 16 మాషలు మిగిలితే వన్నె 15 అవుతుంది. అసలు బంగారం పెరగలేదు, తగ్గలేదు. భాగించే సంఖ్య తగ్గింది కాబట్టి వన్నె పెరిగింది. ఇలాంటి మిశ్రమాల లెక్కలకు ఒక ప్రకరణమే కేటాయించిన గణితసార సంగ్రహాన్ని 9వ శతాబ్దిలో రాసిన మహావీరాచార్యుడు జైనుడు, దాన్ని 11వ శతాబ్దిలో తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. జైన దర్శనంలో కర్మ జీవుణ్ణి అంటుకున్న సూక్ష్మ పదార్థం. తపస్సుతో దాన్ని రాల్చుకోవడం నిర్జర. ఇది పుటం పెట్టే దారి. తపస్సుతో పాత కర్మను అరగదీస్తామన్న నిగంఠులతో, అంటే జైన సన్యాసులతో, బుద్ధుడు వాదించాడు. ఎంత అరిగిందో, ఎంత మిగిలిందో మీకు తెలుసా అని అడిగాడు. తూకం లేకుండా పుటం పెట్టే కంసాలిని అడగాల్సిన ప్రశ్న అది. అయినా రెండు మతాలూ ఒక చోట కలుస్తాయి. ఉన్నది దానంతట అది మాయం కాదన్న నియమాన్ని ఏదీ వదులుకోలేదు.

పాత్ర విశాలం కావాలన్న మాటకు గట్టి ఆక్షేపణ లోణఫల సుత్తంలోనే ఉంది. బుద్ధుడు అక్కడ ఇంకో పోలిక కూడా చెప్పాడు. కహాపణం ఆనాటి నాణెం; అర కహాపణానికి పేదవాడు చెరసాలకు పోతాడు, సంపన్నుడు వంద కహాపణాలకైనా పోడు. ఇది వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ధర్మం కూడా ఉన్నవాడి పక్షమేనా? లోకంలో జరిగేదాన్ని ఉదాహరణగా చెప్పడం దాన్ని మెచ్చుకోవడం కాదని సమాధానం చెప్పుకోవచ్చు. అంతకంటే ముఖ్యమైన తేడా ఏమిటంటే, సంపద ఒకడికి పుట్టుకతో వస్తుంది, మరొకడికి ఎన్నటికీ రాదు. ఇక్కడ చెప్పిన విశాలత్వం ఎవరికీ పుట్టుకతో రాదు, ఎవరికీ అందకుండా పోదు. అయినా ఆ పోలిక నాకు సుఖంగా లేదు.

పాపపుణ్యాలకు గ్రాములు, శాతాలు ఏమిటని అడిగేవాళ్ళకు నా జవాబు చిన్నది. పాపపుణ్యాలకు సుత్తం అంకె ఒక్కటీ ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు. పరిమాణానికీ నిష్పత్తికీ ఉన్న తేడా అంకెలు లేకపోయినా నిలుస్తుంది. నన్ను నిజంగా ఆపేది మరో ఆక్షేపణ. ఈ లెక్కంతా చేసినవాడి గిన్నెది. దెబ్బ తిన్నవాడి గిన్నెలో కూడా ఉప్పు పడింది కదా? చేసినవాడు గంగంత విశాలమైనంత మాత్రాన ఎదుటివాడి గిన్నెలోని నీళ్ళు తియ్యగా మారవు. అది వేరే సమీకరణం. దాన్ని లోణఫల సుత్తం సాధించలేదు, సాధించానని చెప్పుకోనూ లేదు. దాని అంచు మజ్ఝిమ నికాయంలోని అంగులిమాలుడి కథలో కనిపిస్తుంది. ఎంతోమందిని చంపిన అతడు భిక్షువై, చివరికి ముక్తి పొందిన అర్హతుడయ్యాడు. ఇక పోయాల్సిన నీళ్ళంటూ లేవు. ఆ తరువాత సావత్థికి భిక్షకు వెళితే ఎవరో విసిరిన మట్టిగడ్డ, మరెవరో విసిరిన కర్ర, రాయి వచ్చి తగిలాయి. తల పగిలి నెత్తురు కారుతూ, పగిలిన భిక్షాపాత్రతో, చిరిగిన పై వస్త్రంతో అతడు బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. నీకు ఇక ఏమీ మిగల్లేదని బుద్ధుడు అనలేదు. ఏళ్ళ తరబడి నరకంలో పడాల్సిన ఫలాన్ని ఇక్కడే అనుభవిస్తున్నావు, ఓర్చుకో అన్నాడు. విసిరినవాళ్ళను తప్పుపట్టే మాట ఆ ఘట్టంలో ఒక్కటీ లేదు.