యుద్ధకథలో ఆనందం ఎవరిది?

సెలవులకు ఇళ్ళకు పోతూ విద్యార్థులు నన్ను అడుగుతూంటారు: "ప్రాచీన చరిత్ర మీద, యుద్ధాల మీద విసుగు లేకుండా చదివించే నవల ఏదైనా చెప్పండి మాస్టారూ" అని. "విసుగు లేకుండా" అన్న మాటకు మన విమర్శకులు కొందరు మొహం చిట్లిస్తారు. నేను చిట్లించను. చదివించలేని నవల ఎంత సదాశయంతో రాసినా బీరువాకే అంకితం. అయితే వేలమంది చచ్చిన చోట మనం ఆనందించడం న్యాయమేనా? ఈ ప్రశ్న మాత్రం తీసిపారవేయదగినది కాదు.

తెన్నేటి సూరి "ఛంఘిజ్‌ఖాన్" చదివినప్పుడే ఇది నాకు పుట్టింది. చెదిరిన తెగలను ఒక్కటి చేసిన నాయకుడుగా సూరి అతన్ని నిలబెట్టాడు. తెల్లవార్లూ చదివాను. పుస్తకం మూశాక, 1220లో మంగోలు సేనలకు చిక్కిన బుఖారా, సమర్‌ఖండ్ నగరాల చేతిపనివాళ్ళు గుర్తుకు వచ్చారు. రాత్రంతా నేను పొందిన ఆనందంలో వాళ్ళకు చోటు లేదు.

హొవార్డ్ ఫాస్ట్ "స్పార్టకస్"లో నాకు కొంత సమాధానం దొరికింది. ఒక ఫాసిస్టు వ్యతిరేక సంఘానికి చెందిన పత్రాలను అమెరికన్ కాంగ్రెసు విచారణ సంఘానికి అప్పగించనన్నందుకు ఫాస్ట్ 1950లో జైలుకు వెళ్ళాడు. తరువాత ఈ నవలను ప్రచురణకర్తలు నిరాకరించగా, 1951లో తానే అచ్చువేసుకున్నాడు.

క్రీ.పూ. 73లో కాపువాలో, కత్తులతో పోరాడి ప్రభువులకు వినోదం కలిగించే బానిసలు సుమారు 70 మంది తప్పించుకుని తిరుగుబాటు లేవదీశారు. క్రీ.పూ. 71లో క్రాసస్ దానిని అణచి, 6,000 మంది బందీలను కాపువా నుండి రోము దాకా రహదారి పొడవునా శిలువ వేయించాడు. ఫాస్ట్ నవల యుద్ధంతో ప్రారంభం కాదు. ఆ శిలువలను చూస్తూ విలాసంగా ప్రయాణించే సంపన్న యువతీయువకులతో ప్రారంభమవుతుంది. వాళ్ళకది వేడుక. వేడుక కోసమే పుస్తకం తెరచిన పాఠకుడు, "నేనూ వీళ్ళలో ఒకణ్ణేనా?" అని ఉలిక్కిపడతాడు. అప్పటికే స్పార్టకస్ మరణించాడు. శత్రువుల జ్ఞాపకాల ద్వారానే చాలావరకు మనకు పరిచయమవుతాడు. చరిత్ర స్థితి కూడా అదే. అతని రాత ఒక్కటీ మిగలలేదు. మిగిలినవి ప్లూటార్క్, అప్పియన్ వంటివారి రాతలే.

తన సహచరుడు క్రిక్సస్ మరణానికి ప్రతిగా స్పార్టకస్ 300 మంది రోమన్ బందీలను బలి ఇచ్చాడని అప్పియన్ రాశాడు. పీడితుల పక్షం వహించడమంటే ఇటువంటి వాక్యాన్ని దాచిపెట్టడం కాదు. దాచి పొందే ఆనందం రాజాస్థానాల స్తోత్రపాఠకులకే తగును.

కనుక ఈ రెండు నవలలనూ చదవమనే నా సలహా. ఒకదాని వెంట ఒకటి, హాయిగా చదవండి. అందుకు సిగ్గుపడనక్కరలేదు. గెలుపు ఘట్టం ముగిశాక, ఓడిన ఊళ్ళో మిగిలినవాళ్ళు ఏమయ్యారని అడగకుండా పుస్తకం మూసినప్పుడే మనం సిగ్గుపడాలి.