దేశదిమ్మరి ఆటగాడి ఋణం

1976 సెప్టెంబరు 27న రోమ్ నగరంలో ఫ్రాన్సిస్కో టొట్టి జన్మించాడు. సరిగ్గా ఇరవై రోజుల తర్వాత, అక్టోబరు 17న, అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల ఉరుగ్వే దేశంలో, కొండల నడుమనున్న మీనాస్ అనే చిన్న పట్టణంలో సెబాస్టియన్ అబ్రేయు జన్మించాడు. ఇద్దరూ ఫుట్‌బాల్ ఆటనే జీవికగా చేసుకున్నారు. టొట్టి 1993లో రోమా జట్టులో తొలిసారి బరిలోకి దిగాడు. 2017 మే నెలలో అదే జట్టు జెర్సీతో, పుట్టిన ఊరిలోనే, వేలాది ప్రేక్షకుల కన్నీళ్ల మధ్య ఆ జట్టుకు వీడ్కోలు చెప్పాడు. అబ్రేయు 2021లో, నలభై నాలుగవ ఏట ఆట చాలించేనాటికి, పదకొండు దేశాలలో ముప్పైకి పైగా క్లబ్బుల తరఫున ఆడి ఉన్నాడు. 2017 చివర చిలీ దేశపు ఆడాక్స్ ఇటాలియానోలో చేరినప్పుడు అది అతడి ఇరవై ఆరవ క్లబ్బు. అత్యధిక క్లబ్బులకు ఆడిన వృత్తి క్రీడాకారుడిగా గిన్నిస్ గ్రంథంలో అతడి పేరు చేరింది.

మొదటివాడిని లోకం విశ్వాసానికి ప్రతీకగా కీర్తిస్తుంది. రెండవవాడి జాబితా చదివి నవ్వుకుంటుంది. స్పానిష్ భాషలో అతడికి ‘ఎల్ లోకో’ అని, అంటే పిచ్చివాడని, ముద్దుపేరు ఎలాగూ ఉన్నది. అయితే ఒక్కచోట నిలిచినవాడు ధర్మాత్ముడనీ, ఊళ్లు మారినవాడు అవకాశవాది అనీ తేల్చివేయడానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. నిలవడం, కదలడం అనే రెండింటిలో ఎంతవరకు ఆటగాడి చేతిలో ఉన్నది? టొట్టిని రోమా ఏళ్ల తరబడి తనతోనే ఉంచుకున్నది. ఉండమని బతిమాలే ఇంట్లో ఉండిపోవడం గొప్పే కావచ్చును గాని, అది అందరికీ దొరికే అదృష్టం కాదు.

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదన్నది తెలుగునాట పిల్లలకు సైతం తెలిసిన నీతి. ఆ నీతికి భారతమే ఒక చిక్కుముడి వేసింది. యుద్ధారంభానికి ముందు ధర్మరాజు కవచం విడిచి, కాలినడకన శత్రుసేనలోకి వెళ్లి పెద్దలకు నమస్కరించాడు. అప్పుడు భీష్ముడు తాను కౌరవుల ధనానికి బద్ధుడనని చెప్పుకోవలసి వచ్చింది. ద్రోణుడూ కృపుడూ అదే మాట అన్నారు. అంత మహనీయుల నోట వెలువడిన ఆ మాటలో గర్వం లేదు, సంకోచం ఉన్నది. ఉప్పు ఋణం తీర్చడానికి నిలిచిపోయినవారి మనసు ధర్మరాజు పక్షానే ఉన్నది. కదలకుండా ఉండటమే విశ్వాసమైతే వారి సంకోచానికి అర్థం లేదు.

అబ్రేయు ప్రయాణాన్ని ఈ దృష్టితో చూడాలి. మాంటెవిడియోలోని డిఫెన్సర్ క్లబ్బులో ఆట ఆరంభించి, ఇరవై ఏళ్లు నిండీ నిండక ముందే అర్జెంటీనాలోని సాన్ లొరెంజోకు వెళ్లాడు. 1998 ఆరంభంలో స్పెయిన్ దేశపు డిపోర్టివో లా కొరూన్యా అతడిని కొన్నది. ఆ జట్టులో ఆడింది కొద్ది నెలలే. ఆ తర్వాత క్లబ్బు అతడిని బ్రెజిల్‌లో గ్రేమియోకు, మెక్సికోలో టెకోస్‌కు, మళ్లీ సాన్ లొరెంజోకు, ఉరుగ్వేలో నాసియొనాల్‌కు అరువు ఇచ్చింది. అరువన్నది అలంకారంగా వాడిన మాట కాదు, ఆ వ్యాపారంలో నిజంగా వాడే మాటే. ఇరుగింటివారు చేదబావి తాడు అడిగి తీసుకువెళ్లినట్టు ఒక మనిషిని ఏడాదికో, ఆరు నెలలకో ఇచ్చి పుచ్చుకుంటారు. తాడు ఏ ఇంట ఉన్నా దాని మీద హక్కు మొదటివారిదే. అలా తిరిగిన సంవత్సరాలను మనిషి నిలకడలేమిగా లెక్కించడం న్యాయం కాదు.

ఈ హక్కు ఒకప్పుడు మరింత కఠినంగా ఉండేది. ఇంగ్లండులో ఒప్పందం ముగిసినా సరే ఆటగాడిని మరో జట్టుకు వెళ్లనీయకుండా క్లబ్బు అట్టే పెట్టుకోవచ్చు. న్యూకాసిల్ క్లబ్బు వదలనన్నప్పుడు జార్జ్ ఈస్టమ్ ఆట మానుకుని కొంతకాలం కార్కు సరుకు అమ్మే ఉద్యోగం చేశాడు. అతడు వేసిన దావాలో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్ 1963లో ఆ పద్ధతి వృత్తి స్వేచ్ఛకు అకారణమైన ఆటంకమని తీర్పు చెప్పాడు. బెల్జియంలో జాన్ మార్క్ బాస్మన్ కథ ఇంకా విషాదకరం. 1990లో లీజ్ క్లబ్బుతో అతడి ఒప్పందం ముగిసింది. కొత్త ఒప్పందంలో జీతాన్ని నాలుగవ వంతుకు కుదించారు. ఫ్రాన్స్‌లోని డంకర్క్‌కు వెళదామంటే లీజ్ క్లబ్బు కావలసిన బదిలీ పత్రం కదలనీయలేదు. ఒప్పందం తీరిన ఆటగాడు ఐరోపా సమాజంలోని మరో దేశపు క్లబ్బుకు వెళ్లేటప్పుడు పాత క్లబ్బు రుసుము అడగరాదని ఐరోపా న్యాయస్థానం 1995 డిసెంబరు 15న తీర్పు ఇచ్చేనాటికి బాస్మన్ ఆట దాదాపు ముగిసిపోయింది. అతడు తెరచిన తలుపు గుండా తర్వాతివారు కోట్లు గడించారు.

బదిలీ అన్న మాటను ప్రభుత్వోద్యోగులకు వివరించనక్కరలేదు. మూడేళ్లకో నాలుగేళ్లకో జిల్లా మారే అధికారిని ఎవరూ విశ్వాసహీనుడనరు. కొత్త జిల్లాలో చేరిన మర్నాటి నుంచే అక్కడి చెరువుల సంగతి, బడుల సంగతి తన సొంత సంగతిగా పట్టించుకుంటే మంచి అధికారి అంటారు. ఈ పోలికను ఎంత దూరమైనా లాగవచ్చునని కాదు. అధికారి ఏ జిల్లాలో ఉన్నా ఒకే ప్రభుత్వాన్ని సేవిస్తాడు. పాత జిల్లాను ఓడించమని కొత్త జిల్లా అతడిని కోరదు. ఆటగాడిని సరిగ్గా అదే కోరుతుంది. నిన్నటి సహచరుడి మీద ఇవాళ గోలు కొట్టాలి. ఈ ఇబ్బందిని తత్త్వవేత్తలకన్నా ముందు ఆటగాళ్లే గుర్తించారు. పాత క్లబ్బు మీద గోలు చేసినప్పుడు చాలామంది కేరింతలు కొట్టరు. చేతులు కొద్దిగా పైకెత్తి, తలవంచి, వెనక్కి నడుస్తారు. గోలు లెక్కకు వస్తుంది, పండుగ మాత్రం ఉండదు. కొత్త యజమానికి పని, పాత యజమానికి మర్యాద అనే ఈ విభజన ఏ నియమావళిలోనూ లేదు.

అబ్రేయు విషయంలో ప్రేక్షకుల పక్షాన చెప్పవలసిన మాట కూడా ఉన్నది. 2006లో అతడు మెక్సికోలోని సినలోవా రాష్ట్రపు డొరాడోస్ జట్టులో ఆడాడు. ఆటగాడిగా చివరి దినాలు గడుపుతున్న పెప్ గార్డియోలా అప్పుడు అతడి సహచరుడు. అబ్రేయు గోల్స్ చేస్తూనే ఉన్నాడు. జట్టు మాత్రం ఆ ఏడాది మొదటి శ్రేణి నుంచి దిగజారింది. ఆ తర్వాత అతడు వేరే క్లబ్బుకు వెళ్లాడు. కూలియాకాన్ వీధులలో అతడి పదమూడవ నంబరు జెర్సీ తొడుక్కున్న కుర్రవాడు ఎక్కడికీ వెళ్లలేడు. ఓడిన జట్టుతో ఉండిపోయేది ఆ కుర్రవాడే. ఆటగాడు చేసిన గోల్స్‌తో అతడి నష్టం పూడదు. వలసపోయే నేర్పరికీ, ఊరికి కట్టుబడిన అభిమానికీ మధ్య ఉన్న ఈ అసమానత ఏ న్యాయస్థానమూ తీర్చగలిగింది కాదు.

అయినా పరాయి ఊరివాడు ఒక జనసమూహానికి ఎంత సొంతమవుతాడో చెప్పడానికి దూరదేశాలకు వెళ్లనవసరం లేదు. దేశవిభజన తర్వాత ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని కలకత్తా చేరిన తూర్పు బెంగాల్ శరణార్థులకు ఈస్ట్ బెంగాల్ క్లబ్బే ఊరయింది. ఆ రోజులలో ఆ జట్టు దాడిని నడిపినవారు అప్పారావు, వెంకటేష్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అయిదుగురూ దక్షిణాదివారే. బెంగాలీ ప్రేక్షకులు వారిని పంచపాండవులని పిలుచుకున్నారు. 1949లో లీగూ, ఐ.ఎఫ్.ఎ. షీల్డూ, రోవర్స్ కప్పూ ఆ క్లబ్బుకే దక్కాయి. సొంత నేల పోయినవారి ఆశలను మోసింది వారి భాష మాతృభాష కానివారు.

పాండవుల పేరు వారికి తగినదే. తిక్కన విరాటపర్వంలో పాండవులు పరాయి రాజు కొలువులో పనివారు. భీముడు వంట చేశాడు, నకులుడు గుర్రాలను చూసుకున్నాడు, సహదేవుడు ఆలమందలను కాచాడు. గడువు ఏడాది మాత్రమే. ఆ తర్వాత వెళ్లిపోతామని వారికి తెలుసు. అయినప్పటికీ కౌరవసేన విరాటుని గోవులను తోలుకుపోతున్నప్పుడు అర్జునుడు తాత్కాలిక ఉద్యోగినన్న సాకు చెప్పలేదు. ఎదుట నిలిచినవారిలో విల్లు పట్టడం నేర్పిన గురువు, ఎత్తుకుని పెంచిన తాత ఉన్నారు. వారికి బాణాలతోనే నమస్కరించి, విరాటుని ఆవులను మళ్లించాడు. భీష్ముని బాధ్యతకు గడువు లేదు, హృదయమూ లేదు. అర్జునుని కొలువుకు గడువున్నది, అందులో లోటు లేదు.

అబ్రేయు జీవితంలో బదిలీకి లొంగని జెర్సీ ఒకటున్నది. ఉరుగ్వే జాతీయ జట్టుకు అతడు డెబ్బై మ్యాచ్‌లు ఆడి ఇరవై ఆరు గోల్స్ చేశాడు. 2010 జూలై 2న జొహానెస్‌బర్గ్‌లో ఘనాతో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ జరిగింది. అదనపు సమయపు ఆఖరి క్షణాలలో గోలులోకి పోతున్న బంతిని లూయిస్ స్వారెజ్ చేతులతో ఆపి బయటకు పంపబడ్డాడు. ఆ పెనాల్టీని అసమోవా గ్యాన్ అడ్డుకమ్మీకి కొట్టాడు. జట్టు కోసం నియమాన్ని మీరిన ఆ చేతులు విశ్వాసానివా, మోసానివా అన్న వాదం నేటికీ ముగియలేదు. తర్వాత వరుస పెనాల్టీలు మొదలయ్యాయి. ఉరుగ్వే పక్షాన అయిదవ తన్నుకు అబ్రేయు ముందుకు వచ్చాడు. గోలయితే సెమీఫైనల్.

పరుగున వచ్చి, బలంగా కొట్టేవాడిలా కాలు ఊపి, బంతి అడుగును మెత్తగా మీటాడు. గోల్‌కీపర్ కింగ్‌సన్ ఒక పక్కకు దూకాడు. బంతి గోలు నట్టనడుమకు నింపాదిగా తేలిపోయింది. అబ్రేయు పుట్టిన ఏడాదే, 1976 జూన్‌లో, బెల్‌గ్రేడ్‌లో జరిగిన ఐరోపా ఫైనల్‌లో చెకొస్లొవేకియా ఆటగాడు పనెంకా పశ్చిమ జర్మనీ మీద ఇలాగే కొట్టాడు. అప్పటి నుంచి ఆ తన్ను అతడి పేరు మీదే చెలామణి అవుతున్నది.

ముప్పై అయిదు లక్షల మంది ఆశను అంత పలుచని దారం మీద వేలాడదీసే హక్కు ఒక్కడికి ఎలా వచ్చింది? గోల్‌కీపర్ కదలకుండా నిలబడి ఉంటే బంతి తిన్నగా అతడి చేతుల్లో పడేది. పిచ్చివాడన్న పేరు ముద్దుపేరుగా ఇక మిగిలేది కాదు. కానీ అది పందెగాడి తెగింపు కాదనడానికి ఆధారం ఉన్నది. రెండున్నర నెలల ముందు, ఏప్రిల్‌లో, రియో రాష్ట్ర పోటీ నిర్ణాయక మ్యాచ్‌లో బొటాఫొగో తరఫున ఫ్లమెంగో మీద అతడు ఇదే తన్నుతో గోలు చేశాడు. పన్నెండు గజాల దూరం నుంచి వచ్చే బంతిని చూసి దూకేంత వ్యవధి గోల్‌కీపర్‌కు ఉండదు; ముందే ఒక పక్క ఎంచుకుంటాడు. ఎంతోమంది గోల్‌కీపర్ల ఎదుట, ఎన్నో భాషల ప్రేక్షకుల ఈలల మధ్య నిలబడినవాడికి అది పుస్తకంలో చదవకుండానే అబ్బిన విద్య. అరువు తాడుగా తిరిగిన సంవత్సరాల సంపాదనను ఆ రాత్రి అతడు పుట్టిన దేశానికి ఒక్క తన్నులో అప్పగించాడు. నిజానికి ఆ దేశమూ అతడిని ఏడాది పొడుగునా పోషించినది కాదు.

మాంటెవిడియోలోని నాసియొనాల్ క్లబ్బు అతడు చిన్ననాటి నుంచి అభిమానించిన జట్టు. ఏ దేశం వెళ్లినా మళ్లీ మళ్లీ ఆ జట్టుకు తిరిగివచ్చి ఆడాడు. అయితే చివరి మ్యాచ్ ఆడింది మాత్రం అదే నగరంలోని సుద్ అమెరికా అనే చిన్న క్లబ్బు తరఫున. ఆ తర్వాత శిక్షకుడయ్యాడు. అక్కడా దేశాలు మారడం తప్పలేదు. 2024లో అతడు శిక్షణ ఇచ్చిన జట్టు మెక్సికోలో రెండవ శ్రేణిలో ఆడుతున్న సినలోవా డొరాడోస్.