ఆలస్యం విషమేనా?

"ఆలస్యం అమృతం విషం" అని పెద్దలు అంటుంటారు. అమృతమైనా సరే, ఆలస్యమైతే విషమైపోతుందని దాని అర్థం. మళ్ళీ వాళ్ళే "నిదానమే ప్రధానం" అని కూడా అంటారు. మనం ఈ రెండు మాటలూ విని పెరిగినోళ్ళమే. ఇందులో ఏది నిజం? ఓర్చుకోమన్న మాట మన జనానికి మేలు చేసిందా, కీడు చేసిందా? ఈ ప్రశ్న నాకు పుస్తకం చదువుతుంటే రాలేదు. మేడ్చల్‌లో రోడ్డు పక్కన, ఆగిపోయిన బండి ముందు నిలబడ్డప్పుడు వచ్చింది.

దసరాకు రెండు రోజుల ముందు మా వాడ నుంచి పన్నెండు మందిమి నాగపూర్ దీక్షాభూమికి బయలుదేరాం. 1956 అక్టోబర్ 14న, అశోక విజయదశమి నాడు, బాబాసాహెబ్ లక్షల మందితో కలిసి బుద్ధుని శరణు పొందిన చోటు అది. హైదరాబాద్ నుంచి దాదాపు 500 కిలోమీటర్లు. మేడ్చల్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి. తెల్లవారుజామున ఎక్కితే రాత్రికి దిగుతామని మా లెక్క. మేడ్చల్ దాటకముందే ఇంజన్ వేడెక్కి బండి ముందు నుంచి పొగ లేచింది.

అక్కడే ఉన్న మెకానిక్ భాయ్ చూసి చెప్పాడు: "వాటర్ పంపు పోయింది సార్. సామాను సికింద్రాబాద్ నుంచి రావాలె. పండగ పూట దుకాణాలు సగం బంద్ ఉన్నయి. సాయంత్రం అయితది."

నాకు కోపం ఆగలేదు. డ్రైవర్ మీద విరుచుకుపడ్డాను. "బయలుదేరే ముందు చూసుకోవద్దా? ఇంతమందిని రోడ్డున పడేస్తావా?" అని అందరి ముందూ అరిచాను. ఆ పిల్లోడు మనవాడే, పాతికేళ్ళుంటాయి. ఎదురు మాట్లాడలేదు. తల దించుకుని నిలబడ్డాడు. అట్లా తల దించుకోవడం నేను ఇంతకు ముందు చూశాను. నా చిన్నప్పుడు మా నాయన పటేల్ ముందు అట్లాగే నిలబడేవాడు. ఆ పటేల్ స్థానంలో ఇప్పుడు నేనున్నాను.

మెకానిక్ భాయ్ మమ్మల్ని లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. తన నీళ్ళ సీసా తాను తాగి, మాకూ ఇచ్చాడు. అది చేతులు మారుతూ అందరి దగ్గరికీ పోయింది. అప్పుడు నాకు వందేళ్ళ కిందటి ఇంకో ఎదురుచూపు గుర్తొచ్చింది.

1901లో బాబాసాహెబ్ చిన్న పిల్లవాడు. తల్లి లేదు. తండ్రి కోరెగావ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. అన్నతో, అక్క కొడుకులతో కలిసి భీమ్‌రావు సతారా నుంచి రైలెక్కి మసూర్ స్టేషన్‌లో దిగాడు. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. తండ్రికి వీళ్ళ ఉత్తరం అందలేదు, అంతే. ఉత్తరం అందకపోవడం ఎవరికైనా జరిగేదే. కానీ ఆ పిల్లలు మహర్లని తెలిసేసరికి స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. బండివాళ్ళు ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానని షరతు పెట్టి. మూటలో అన్నం ఉంది, తాగడానికి నీళ్ళు మాత్రం దొరకలేదు. రాత్రంతా ఆకలితో, దాహంతో గడిపారు. ఈ సంగతి బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అనే రచనలో స్వయంగా రాసుకున్నారు. పేరులోనే ఎదురుచూపు ఉంది చూడండి.

వాళ్ళకీ ఆలస్యమైంది, మాకూ ఆలస్యమైంది. వాళ్ళకు గుక్కెడు నీళ్ళు లేవు. మాకు నీళ్ళున్నాయి, నీడ ఉంది, చాయ్ ఉంది. అయినా అరిచింది నేను.

మధ్యాహ్నం అయ్యేసరికి కూర్చోలేక ఐదారుగురం ఆటో మాట్లాడుకుని శామీర్‌పేట పోయాం. పెద్దగా దూరం లేదు. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ బస్సులో ఆ చెరువు పక్క నుంచి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఒక్కసారీ దిగలేదు. సభకు పోవాలి, ధర్నాకు పోవాలి, తిరిగి రావాలి. ఉద్యమంలో ఉన్నవాళ్ళకు ఊళ్ళన్నీ బస్టాండులుగానే గుర్తుంటాయి. ఆ రోజు దిగి చూస్తే ఎంత పెద్ద చెరువు! ఒక పక్క జింకల పార్కు. ఆ చుట్టుపక్కలే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, ఇంకో దిక్కు మందుల పరిశోధన జరిగే జీనోమ్ వ్యాలీ. బాబాసాహెబ్ ముందుండి రాసిన రాజ్యాంగాన్ని పిల్లలు చదువుకునే చోటికి కూతవేటు దూరంలో మేం గట్టు మీద కూర్చుని పల్లీలు తింటున్నాం.

మాతో వచ్చిన పెద్దమ్మకు డెబ్భై ఏళ్ళు. చాలాసేపు నీళ్ళకేసి చూసి, మెల్లగా అంది: "నా చిన్నప్పుడు మా ఊళ్ళె బాయి కాడ కుండ పట్టుకొని నిలబడేది బిడ్డా. పైకులపోళ్ళు వచ్చి, చేది, దూరం కెల్లి పోసేదాక ఆగాలె. ఒక్కోపారి పొద్దు గూకేది. మా అమ్మ అనేది, ఓర్సుకో బిడ్డా, ఓర్సుకున్నోళ్ళకే దొరుకుతయి అని."

ఎవరం ఏమీ మాట్లాడలేదు. నేను పొద్దున మేడ్చల్‌లో నాలుగు గంటలు ఆగలేక అరిచాను. ఆమె బాల్యమంతా బావి దగ్గర ఆగింది. ఈ రెండిటికీ ఒకే "ఆలస్యం" అన్న మాట సరిపోతుందా?

సరిపోదని నాకు తోచింది. ఎదురుచూపులు మూడు రకాలు.

మొదటిది, ఎవరో మన మీద రుద్దే ఎదురుచూపు. పెద్దమ్మ కుండ పట్టుకుని నిలబడ్డది అది. దానికి కారణం ప్రకృతి కాదు, కులం. ఇక్కడ ఓర్పును పుణ్యమని నేర్పినవాళ్ళు మనల్ని మోసం చేశారు. మహద్ చూడండి. ప్రభుత్వ చెరువులూ బావులూ అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. కాగితం మీద హక్కు వచ్చింది, నోటికి నీళ్ళు రాలేదు. బాబాసాహెబ్ ఇంకా ఆగుదామనలేదు. 1927 మార్చి 20న వేలమందితో నడిచిపోయి చౌదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకుని తాగారు. రుద్దిన ఎదురుచూపుకు జవాబు అట్లా అడుగు వేయడమే.

రెండోది, కారణాల వల్ల వచ్చే ఎదురుచూపు. వాటర్ పంపు అరిగింది, పగిలింది. పుట్టినదేదైనా అరుగుతుంది, అన్ని సంస్కారాలూ అనిత్యమే అని రోజూ వందనంలో తలుచుకుంటాం. మరి పంపు ఒక్కటే నిత్యంగా ఉండాలా? ఇందులో కుట్ర లేదు, శకునం లేదు, గ్రహదోషం లేదు. మా గుంపులో ఒకాయన "బయలుదేరిన ఘడియ మంచిది కాదేమో" అని నసిగాడు. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న నోటి నుంచి అట్లాంటి మాట రావచ్చా? కారణం ఉంది కాబట్టి కార్యం వచ్చింది. కారణాన్ని సరిచేస్తే బండి కదులుతుంది. క్షాంతి పనికొచ్చేది ఇక్కడ. పది పారమితల్లో క్షాంతి ఒకటి. ద్వేషానికి ద్వేషంతో బదులివ్వకపోవడమే దాని సారమని బాబాసాహెబ్ వివరించారు. అన్యాయం ముందు చేతులు కట్టుకోమని ఆయన ఎక్కడా చెప్పలేదు. ఆ పొద్దున నేను తప్పింది ఈ క్షాంతినే. ఏ తప్పూ చేయని పిల్లోడి మీద నా చిరాకు కుమ్మరించాను.

మూడోది, మనకు మనం చేసుకునే ఆలస్యం. రేపు చదువుదాం, వచ్చే పౌర్ణమి నుంచి విహారానికి పోదాం, పెళ్ళి అయ్యాక తాగుడు మానేద్దాం. దీన్ని బుద్ధుడు ప్రమాదం అన్నాడు, అంటే ఏమరపాటు. ధమ్మపదంలో రెండో వర్గం మొత్తం అప్రమాదం గురించే. ఏమరపాటు లేకుండా ఉండడమే అమృత మార్గమని అక్కడ చెప్పాడు. అంటే మన సామెతలోని విషం గడియారంలో లేదు, ఏమరపాటులో ఉంది.

బాబాసాహెబ్ జీవితమే దీనికి సాక్ష్యం. హిందువుగా పుట్టినా హిందువుగా చావనని యేవలాలో ప్రకటించింది 1935 అక్టోబర్ 13న. దీక్ష తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. సరిగ్గా 21 ఏళ్ళ ఒక రోజు. దీన్ని ఆలస్యం అందామా? ఆ ఏళ్ళలో ఆయన మతాలన్నీ తరచి చూశారు, చదివారు, దేశానికి రాజ్యాంగం అందించారు, జనాన్ని సిద్ధం చేశారు. ఆ 21 ఏళ్ళ ఎదురుచూపులో ఏమరపాటు లేదు. అందుకే అది విషం కాలేదు.

సాయంత్రానికి మేడ్చల్ తిరిగొచ్చాం. బండి తయారైంది. డ్రైవర్ పొద్దున్నుంచీ మెకానిక్ పక్కనే స్పానర్లు అందిస్తూ ఉన్నాడు, అన్నం కూడా తినలేదు. నేను అందరి ముందు అరిచాను కాబట్టి అందరి ముందే "తప్పు నాది తమ్ముడూ" అన్నాను. "పర్వాలేదన్నా" అన్నాడు గానీ, వాడి కళ్ళు తడిశాయి. ఇక రాత్రంతా తోలి పోయిన టైము కలుపుకుందామని కొందరు పట్టుబట్టారు. అలసిన మనిషి చేతిలో పన్నెండు ప్రాణాలు పెట్టడం ఏ శీలం? నిర్మల్‌లో ఆగి పడుకుందామని తేల్చాం.

చీకట్లో సోన్ దగ్గర గోదావరి దాటుతుంటే పిల్లలకు బావరి కథ చెప్పాను. సుత్తనిపాతంలో ఉంది. గోదావరి ఒడ్డున ఉన్న వృద్ధుడు బావరి, బుద్ధుని సంగతి విని పదహారు మంది శిష్యుల్ని ప్రశ్నలతో పంపాడు. నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తే ఆ చోటు అని కొందరు చరిత్రకారులు అంటారు. వాళ్ళు ప్రతిష్ఠానం, ఉజ్జయిని, కౌశాంబి, శ్రావస్తి దాటి నడుస్తూ పోయి మగధలో బుద్ధుణ్ణి కలిశారు. కదలలేని బావరి ఇక్కడే ఎదురుచూశాడు. పింగియుడు తిరిగొచ్చి విన్నది చెప్పాడు. మన నేల మీద ధమ్మం అట్లా నడకతోనూ ఎదురుచూపుతోనూ మొదలైంది.

తెల్లారి ఇంకో తగువు. నేరడిగొండ దగ్గర రోడ్డు దిగితే కుంటాల జలపాతం దగ్గరే. వానాకాలం అప్పుడే అయిపోయింది, నీళ్ళు బాగా ఉంటాయని పిల్లలు గోల. "మనం పోతున్నది ధమ్మయాత్రకా, విహారయాత్రకా?" అని ఒక పెద్దాయన కసిరాడు.

నేను 1934 సంగతి చెప్పాను. ఆ ఏడు బాబాసాహెబ్ తన సహచరులు ముప్పై మందితో కలిసి చూడదగ్గ చోట్లు చూడటానికే బయలుదేరారు. వేరూల్ బౌద్ధ గుహలు చూడాలని కోరిక. దారిలో అప్పటి మన హైదరాబాద్ సంస్థానంలోని దౌలతాబాద్ కోటకు పోయారు. దుమ్ముతో ఉన్నారని కొందరు అక్కడి కొలను నీళ్ళతో ముఖాలూ కాళ్ళూ కడుక్కున్నారు. అంటరానివాళ్ళు నీళ్ళు మైల చేశారని అక్కడి ముస్లింలు మీద పడ్డారు. మీ మతం నేర్పింది ఇదేనా అని బాబాసాహెబ్ నిలదీస్తే జవాబు లేదు. చివరికి నీళ్ళు ముట్టకూడదన్న షరతుతో, ఆయుధం పట్టిన సిపాయిని వెంట పెట్టి కోట చూపించారు. మేడ్చల్‌లో తన సీసా మాకిచ్చిన భాయ్‌ని నేను అప్పుడు మళ్ళీ తలుచుకున్నాను. మనుషులు మారతారు. మారతారన్న నమ్మకం లేకపోతే ధమ్మ ప్రచారానికి అర్థమే లేదు.

తిరిగి చూసే హక్కు, నీటి పక్కన కూర్చునే హక్కు కూడా పోరాడి తెచ్చుకున్నవే. విహారం అంటే మనకు వందనం చేసుకునే చోటు. తెలుగులో అదే మాటకు హాయిగా తిరగడం అని కూడా అర్థం. ఎరుకతో తిరిగితే ఈ రెంటికీ గొడవ లేదు.

కుంటాలకు పోయాం. కడెం నది 147 అడుగుల ఎత్తు నుంచి రాళ్ళ మీద పడుతోంది. కాలు జారి ప్రాణాలు పోయిన చోటు కాబట్టి పిల్లల్ని నీళ్ళలోకి దిగనివ్వలేదు. పెద్దమ్మను డ్రైవర్ తమ్ముడు చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. తుంపరలు ఆమె ముఖం మీద పడ్డాయి. దోసిలి చాపింది. "ఈడ ఎవ్వలూ పొయ్యనక్కర్లేదు గద బిడ్డా" అంది.

ఆ రాత్రికి నాగపూర్ చేరాం. అనుకున్నదానికంటే ఒక రోజు ఆలస్యం. తెల్లవారితే విజయదశమి.

బంధువులారా, మీ బండి కూడా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆస్పత్రి లైనులో, ఆఫీసు వరండాలో, పిల్లల ఉద్యోగాల కోసం, ఇంటి పట్టా కోసం. అప్పుడు కోపం రాకముందే ఒక్కటి అడగండి: ఈ ఆలస్యం ఎవరో రుద్దిందా, కారణాల వల్ల వచ్చిందా, నేను చేసుకున్నదా? రుద్దిందైతే సంఘటితం కండి. కారణాల వల్ల వచ్చిందైతే ఓర్చుకోండి, పక్కవాడికి నీళ్ళివ్వండి, చుట్టూ ఉన్న ఊరిని చూడండి. మీరు చేసుకున్నదైతే ఈ రోజే లేవండి.

జై భీమ్! నమో బుద్ధాయ!